బాంబులు పడ్డ ఏడు మేళం ఆడిందా? యుద్ధకాలపు కాకినాడలో ఆట, పాట, ఎన్నికల సభలు

ఉప్పుటేరు గట్టు
అందరికీ నమస్కారం. మా నాయనమ్మది కాకినాడ జగన్నాథపురం. 1928లో పుట్టింది. పోయి పన్నెండేళ్లయింది. చిన్నప్పుడు తాను చూసిన ఒక సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా అవే మాటలు, అదే వరస. “బాంబులు పడ్డ ఏడు పసుపు పెట్టె సభ పెట్టారు. పెద్దవాళ్లు వచ్చేసరికి బాగా రాత్రయింది. ఈలోగా మేళం ఆడింది. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. ఆ మనిషి కూర్చునే ఆడింది.”

మేళం అంటే కలావంతులనే స్త్రీల ఆటపాటల బృందం. చివరి మాట దగ్గర మేమంతా నవ్వేవాళ్లం. కూర్చుని ఆడడమేమిటి అని. ఆమెకు కోపం వచ్చేది. చాప మీద మోకాలు మడిచి కూర్చుని, అరచేయి చెంప దాకా తెచ్చి, వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి, కళ్లు పక్కకు తిప్పి చూపించేది. “ఇలా. ఇంతే. లేవలేదు.”

ఇంటి సంగతులన్నీ ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాను. బాంబులు, పసుపు పెట్టె సభ అని ఆమె చెప్పిన ఎన్నికల సభ, మేళం ఈ మూడూ కాకినాడలో ఒకే ఏట జరిగే వీలుందా? తెలిసినవారు చెప్పండి. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. అందుకే అడుగుతున్నాను.

పాత పంచాంగం
తేదీలు ముందు చూద్దాం. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6, సోమవారం. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు ఆ ఒక్క రోజే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు నెల ముందు, మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. మన డెల్టా నుంచి రంగూన్‌కు కూలికి, వ్యాపారానికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వారిలో చాలామంది కాకినాడ రేవులోనే ఓడ ఎక్కారు. వాళ్లు కట్టుబట్టలతో తిరిగి వస్తున్న రోజుల్లోనే ఇక్కడ ఆకాశం నుంచి బాంబు పడింది. ఊరు ఎంత బెదిరి ఉంటుందో ఊహించుకోండి.

ఇక ఎన్నికలు. మద్రాసు శాసనసభకు 1937 ఫిబ్రవరిలో జరిగాయి. మళ్లీ 1946లోనే. మధ్యలో లేవు. 1939 సెప్టెంబరులో వైస్రాయి మన నాయకులను ఒక్క మాట అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించాడు. అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తరువాత 1946 దాకా గవర్నరు పాలన. కాబట్టి 1942లో శాసనసభ ఎన్నికల సభ జరగలేదు.

పసుపు పెట్టె మాత్రం 1937 నాటిది. ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు. అక్షరం రానివారు కూడా రంగు చూసి చీటీ వేయగలిగారు. అందరికీ ఓటు ఉండేది కాదు లెండి. ఆస్తి, పన్ను, చదువు చూసి ఇచ్చేవారు. మొత్తం 215 స్థానాల్లో 159 కాంగ్రెస్‌కు వచ్చాయి. మన కాకినాడ బులుసు సాంబమూర్తి గారు ఆ సభకు స్పీకరయ్యారు.

ఇంకొక్క మాట. 1942లో మీ నాయనమ్మకు 14 ఏళ్లు. అంత పిల్లను తండ్రి భుజాల మీద ఎక్కించుకోడు. 1937లో అయితే ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. సభ 1937దే.

ఉప్పుటేరు గట్టు
భుజాల సంగతి ఇన్నేళ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు. మీకు వేల నమస్కారాలు. కానీ “బాంబులు పడ్డ ఏడు” అని అంత గట్టిగా ఎందుకు అనేదో?

హార్మోనియం మెట్లు
మాది రాజమహేంద్రవరం. మీ నాయనమ్మ మాట నాకు వింతగా లేదండీ. ఆ తరానికి పంచాంగం అంటే ఉప్పెన వచ్చిన ఏడు, గట్టు తెగిన ఏడు, బాంబులు పడ్డ ఏడు. దేనికి గుర్తుపెట్టుకోవాలన్నా ఆ మేకులకే తగిలించేవారు.

మా తాతయ్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. యుద్ధం రోజుల గురించి ఆయన చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆయన మాటల్లో యుద్ధమంటే కిరసనాయిలు. అది దొరికితే నాటకం, దొరకకపోతే లేదు. అంతకు ముందు రంగస్థలానికి నాలుగు పెట్రోమాక్స్ దీపాలు కట్టేవారట. తరువాత రెండు, ఆ తరువాత ఒకటి. ఆ ఒక్క దీపాన్నీ ఎవరు పద్యం ఎత్తుకుంటే వారి వైపు జరుపుతూ ఉండడానికి ఒక కుర్రాడు. దీపంలో మేంటిల్ అనే గుడ్డ తొడుగు ఉంటుంది కదా, ఒకసారి వెలిగిందంటే అది బూడిద గూడే, వేలు తగిలితే రాలిపోతుంది. కొత్తది కొనాలంటే ఊళ్లో లేదు. అందుకని బండి మీద ఊరు నుంచి ఊరికి వెళ్లేటప్పుడు దీపాన్ని ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చునేవారు. మా తాతయ్య హార్మోనియం గడ్డి మీద వెళ్లేది. దీపం ఒళ్లో వెళ్లేది.

కోస్తాలో దీపాలు ఆర్పాలనే ఆజ్ఞలు ఉండేవి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఆడినప్పుడు పందిరికి మూడు వైపులా తాటాకు దడి కట్టి, వెలుగు పైకి పోకుండా దీపం నెత్తిన రేకు వంచి పెట్టేవారట. నటుల ముఖాలు సగమే కనిపించేవి. జనం ఊపిరి బిగబట్టి పద్యం వినేవారని, అంత నిశ్శబ్దంలో తాను మళ్లీ ఎన్నడూ వాయించలేదని తాతయ్య చివరి దాకా చెప్పారు.

బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పెద్ద డబ్బా, అందులో బొగ్గు రగిల్చి ఆ వాయువుతో నడిపేవారు. ఎగువ వస్తే అందరూ దిగి నెట్టాలి. చిల్లర దొరికేది కాదు. 1943లో నడిమికి చిల్లు ఉన్న కాణీలు వచ్చాయి. టికెట్టు డబ్బులు దారానికి గుచ్చి దండలా ఇచ్చేవారట. ఆ దండ ఒకటి మా ఇంట్లో దేవుడి గూట్లో ఇప్పటికీ ఉంది.

రెండో ఆట
సినిమాలకూ అదే గతి. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి. 1942లో ఒక చిత్రం 11,000 అడుగులకు మించకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. అంటే రెండు గంటల మాట. 1943 నుంచి ప్రతి ఆటలో ప్రభుత్వ యుద్ధ వార్తాచిత్రాలు వేయడం తప్పనిసరి చేశారు.

కాకినాడలో అసలు ఊపిరి నాటకానిదే. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ పేరు వినే ఉంటారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు ఆ క్లబ్ రంగస్థలం నుంచి వచ్చినవారే. రంగారావు గారు సినిమాల్లోకి రాక ముందు అగ్నిమాపక దళంలో ఉద్యోగం చేశారు. అంజలీదేవి మన పెద్దాపురం అమ్మాయి. నాట్యంతోనే మొదట జనానికి తెలిసింది.

జైలు మనవడు
ఇవన్నీ చదువుతుంటే నాకు మనసు బరువెక్కుతోంది, దాచుకోను. మా తాతగారు 1942లో బళ్లారి దగ్గర అల్లీపురం జైల్లో ఉన్నారు. క్విట్ ఇండియా పోరులో ఆ ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. మన ఇళ్లలో మగవాళ్లు జైళ్లలో, పిల్లలు బియ్యం వరసల్లో. ఆ రోజుల్లో నాటకాలు, మేళాలు, కేరింతలు జరిగాయంటే నాకు సహించదు. బర్మా బియ్యం ఆగిపోయింది. మన డెల్టా ధాన్యాన్ని సేకరించి లోటు జిల్లాలకు తరలించారు. 1943లో బెంగాల్‌లో జనం లక్షల్లో చచ్చిపోయారు. అప్పుడు ఆటపాటలకు మనసెలా వచ్చింది?

మరొకటి. కాంగ్రెస్ సభకు ముందు మేళం ఆడిందంటే నేను నమ్మను. వీరేశలింగం గారు పుట్టిన గడ్డ ఇది. మేజువాణీల మీద, అంటే వేడుకల్లో పెట్టించే భోగంవాళ్ల ఆటపాటల మీద, ఆయన జీవితమంతా పోరాడారు. ఆ దారిలో నడిచినవారే ఇక్కడ కాంగ్రెస్‌ను నిలబెట్టారు. సభలో భోగంమేళం పెట్టించుకుంటారా?

హార్మోనియం మెట్లు
అయ్యా, మీ తాతగారి త్యాగానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ “కేరింతలు” అన్న మాట ఒప్పుకోలేను. మా తాతయ్య జైలుకు వెళ్లలేదు. హార్మోనియం వాయిస్తే ఆ రాత్రి కుంచెడు బియ్యం. వాయించకపోతే ఇంట్లో ఆరుగురు పస్తు. ఆయనకు అది వేడుక కాదు, కూలి. నాగలి పట్టినవాడు యుద్ధమని దుక్కి మానలేదు కదా.

ఎదురుగా కూర్చున్నవారి సంగతీ చూడండి. పగలంతా సైరన్ భయం, రంగూన్ నుంచి కొడుకు జాబు లేదన్న దిగులు. రాత్రి మూడు గంటలు హరిశ్చంద్రుడి కష్టం చూసి తమ కష్టానికి ఏడ్చేవారు. ఏడ్వడానికి ఒక చోటు కావాలి కదండీ.

గుమ్మెట
జైలు మనవడు గారికి కోపం తెప్పించే మాట ఒకటి నేనూ చెప్పాలి. మా పెదనాన్న బుర్రకథ దళంలో వంతపాటగాడు. 1942 జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ఫాసిస్టుల మీద పోరు ముందు అన్నది వారి పంథా. మీ తాతగారి వంటివారు జైల్లో ఉండగా, జపాన్ వస్తే ఏమవుతుందో వీరు ఊరూరా పాడారు. కాంగ్రెస్ ఇళ్లలో దాన్ని ద్రోహమన్నారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. మా పెదనాన్న కూడా ఆ మచ్చ మోశాడు. దాన్ని నేను కాదనను.

కానీ బెంగాల్ కరువు మాట మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ కరువు కథ కట్టి, ఇక్కడి పల్లెల్లో పాడి, జోలె పట్టి డబ్బూ బియ్యమూ పోగు చేసి పంపినవారూ ఆటపాటల వారే. ప్రజా నాట్యమండలి 1943లో మొదలైంది. దాన్ని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు రాజమండ్రి మనిషి. షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథకు కొత్త ప్రాణం పోశాడు. పాలకొల్లు అల్లు రామలింగయ్య ఆ నాటకాల గాలిలో పెరిగినవాడే.

బుర్రకథ ఎన్నికలకు ఎందుకంత పనికొచ్చిందంటే, దాని కట్టుబడే అలాంటిది. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేలికి అందెలు. ఇటూ అటూ గుమ్మెటలనే చిన్న వాద్యాలతో ఇద్దరు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథ ఏ రాజుదైనా కానివ్వండి, రాజకీయం చెప్పేవాడు ఆపి, “మన ఊళ్లో కిరసనాయిలు ఎవరి కొట్టులో దాక్కుంది గురువుగారూ?” అని అడగవచ్చు. జనం ఆ కొట్టు వైపు తిరిగి చూసేవారు. 1946 ఎన్నికల సభల్లో ఉపన్యాసానికి ముందు గంట కథ తప్పనిసరి. కథ అయ్యాక జనం లేచిపోకుండా, పతాక సన్నివేశం సగంలో ఆపి నాయకుడికి వేదిక ఇచ్చి, ఉపన్యాసం తరువాత మిగతాది పాడేవారు. పెదనాన్న ఇది చెబుతూ తొడ చరిచేవాడు.

మీ నాయనమ్మ 1946లో 18 ఏళ్ల మనిషి. ఇది కూడా చూసే ఉంటుంది. అందెల చప్పుడు మేళంగా గుర్తుండిపోయిందేమో!

పాత పంచాంగం
గుమ్మెట గారి ఊహ బాగుంది. కానీ బుర్రకథ ఎవరూ కూర్చుని చెప్పరు. అడుగులు వేస్తూ ముందుకు, వెనక్కు నడవాలి. ఆ “కూర్చునే ఆడింది” అన్న ముక్క ఇంకా ముడి విడలేదు.

మువ్వ
నేను ఈ వేదికలో ఎప్పుడూ రాయలేదు. రెండు రోజులుగా చదువుతూ, రాయనా వద్దా అని ఆలోచించాను. మాది కోనసీమ. మా అమ్మమ్మ మేళంలో ఆడిన మనిషి. ఈ మాట ఇప్పటికి నా ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా అమ్మ ఒకప్పుడు బడిలో తండ్రి పేరు రాయమంటే పడిన బాధ ఆమెకే తెలుసు. అయినా మీ నాయనమ్మ చాప మీద కూర్చుని చూపించిందని చదివాక ఆగలేకపోయాను.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పదం, అంటే నిదానంగా పాడే శృంగార గీతం, పట్టినప్పుడు మా వాళ్లు కూర్చుని అభినయించేవారు. క్షేత్రయ్య పదం ఒకటి తీసుకుని, పల్లవి ఒక్కటే మళ్లీ మళ్లీ పాడుతూ, పాడిన ప్రతిసారీ చేతితో, కంటితో వేరే అర్థం తెచ్చేవారు. కాలు కదలదు. వెనక మద్దెల, ముఖవీణ, శ్రుతికి తిత్తి. కూర్చుని చేసేదే కష్టమని, నిలబడితే కాళ్లు కాపాడతాయని అమ్మమ్మ అనేది. బయటివారికి ఇది తెలియదు. మేళం చూసిన కళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు జైలు మనవడు గారి ప్రశ్న. కాంగ్రెస్ సభలో మేళం పెట్టించుకుంటారా? పెట్టించుకోలేదు. మీరన్నది నిజమే. 1937 నాటికి అమ్మమ్మకు పద్దెనిమిదేళ్లు. ఆ ఎన్నికల్లో ఒక సభకు తనను పిలిచిన వైనం ఆమె చెప్పేది. నాయకుల కారు వేళకు రాదు, జనం చెదిరిపోతారు. పాడేవాళ్లు కావాలి. ఊళ్లో గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. పెద్దలు కబురు పెట్టి, “ఆట వద్దు. గజ్జెలు వద్దు. పాట మాత్రమే” అన్నారు. వేదిక మీద కాదు, వేదిక పక్కన కింద చాప వేశారు. దేశభక్తి పాటలు రెండు పాడింది. కారు రాలేదు. జనం ఇంకా పాడమన్నారు. తనకు వచ్చినవి రెండే. అప్పుడు పదం ఎత్తుకుంది. అమ్మమ్మ మాట ఇది: “కాళ్లు వద్దన్నారు. కూర్చున్నాను. చేతులు వద్దనలేదు కదమ్మా.”

కారు వచ్చింది. చాప తీసేశారు. ఉపన్యాసంలో మన సంఘాన్ని పట్టిన దురాచారాల్లో మేళాలు కూడా ఒకటని నాయకుడు చెప్పాడట. అమ్మమ్మ జనంలో నిలబడి విన్నది. తరువాత చప్పట్లు కూడా కొట్టింది. ఎందుకు కొట్టావని అడిగితే, “ఆయన చెప్పింది నిజమే కదే. మా బతుకు బాగుండాలనే కదా చెప్పాడు. పాట సంగతి ఆయనకు తెలియదు, అంతే” అన్నది.

మీ నాయనమ్మ చూసిన మనిషి మా అమ్మమ్మే అని నేను అనడం లేదు. అలా చాప మీద కూర్చున్నవారు ఎందరో.

పాత పంచాంగం
మువ్వ గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పినదానికి ముందూ వెనకా ఉన్న కొన్ని సంగతులు ఇక్కడ ఉండాలి.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, ఆయనను దేవదాసీలతో, ఘోషా స్త్రీలతో మాట్లాడించాలని పట్టుబట్టింది రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. అప్పటికి పన్నెండేళ్ల పిల్ల. అయిదు వేల రూపాయలు పోగు చేసి మరీ ఆయన సమయం సంపాదించింది. ఆ స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. స్వాతంత్ర్య పోరాటానికి నగలిచ్చినవారిలో కలావంతులూ ఉన్నారన్న మాట మన పాఠాల్లో కనిపించదు.

దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు చట్టం 1947లో వచ్చింది. అది రావలసిన చట్టమే. ఆంధ్రలో 1956 సవరణతో పెళ్లిళ్లు, వేడుకల్లో మేళాలకూ అడ్డుకట్ట పడింది. ఆడపిల్లను అంగడి సరుకు చేసే ఆచారం పోవాలి. దానితోపాటు ఆ చేతిలోని పదం కూడా పోయింది. చాలా ఏళ్లకు నటరాజ రామకృష్ణ గారు ఊరూరా తిరిగి, వృద్ధులైన కలావంతులను వెతికి, వారి దగ్గర మిగిలింది పట్టుకుని ఆంధ్రనాట్యానికి రూపం ఇచ్చారు.

కళ్యాణపురం
చిన్న చేర్పు. మాది యానాం. అప్పుడు మాది ఫ్రెంచి వారి చేతిలో ఉంది. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో వచ్చాక, పెళ్లిళ్లన్నీ గోదావరి దాటించి మా ఊళ్లో చేసేవారు. కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. ఆ పెళ్లిళ్లలో మేళాలు ఎలా ఆడాయో మా ముసలమ్మ కథలుగా చెప్పేది. అవతలి గట్టున వద్దన్నది ఇవతలి గట్టున జరిగేది.

జైలు మనవడు
మువ్వ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేను మేళాల మీద రాసిన తీరు మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి. ఆ ఆచారం మీద నా అభిప్రాయం మారలేదు. అది పోవాల్సిందే. కానీ కారు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టినవారిని కారు రాగానే లేపేయడం న్యాయం కాదు. మా తాతగారు కూడా ఇలాంటి సభల్లో మాట్లాడినవారే. ఆయన రాతల్లో ఎవరెవరు ఉపన్యసించారో, ఎంతమంది వచ్చారో ఉంది. పాడినవారి పేరు ఒక్కటీ లేదు. నిన్న రాత్రి వెతికి చూశాను.

మువ్వ
మీరు వెతికారు. అది చాలండీ.

ఉప్పుటేరు గట్టు
ఇది రాస్తుంటే కళ్లు నిండుతున్నాయి. చేసి చూపించాక కూడా మేం నవ్వితే ఆమె మౌనంగా చాప చుట్టుకుని లేచి వెళ్లేది. ఆమె చూసింది చూసినట్టే చెప్పింది. మేమే వినలేదు.

మువ్వ గారూ, ఒక సంగతి. మా చెల్లెలు చిన్నప్పుడు నాయనమ్మ పక్కనే పడుకునేది. ఆ చేయి, ఆ చూపు దానికి ఇప్పటికీ వచ్చు. మాలో నవ్వనిది అదొక్కతే. నిన్న ఫోనులో చెబితే, అద్దం ముందు కూర్చుని చేసి చూసుకుందట. అరచేయి చెంప దాకా వచ్చాక, చిటికెన వేలు ముందు విప్పుతుందని, చివరికి బొటనవేలు విడుస్తుందని చెప్పింది.

మువ్వ
మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు 84 ఏళ్లు. ఆమెకు ఆట నేర్పించలేదు, చూడడం మాత్రం చాలా చూసింది. చిటికెన వేలు ముందా అని రెండుసార్లు అడిగింది. తరువాత తన చేయి ఎత్తి కాసేపు చూసుకుంది. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని చేస్తే, అది ఏ పదమో చెప్పగలనంటోంది.

ఉప్పుటేరు గట్టు
ఈ ఆదివారం చెల్లెలిని తీసుకుని వస్తాం. వీలవుతుందా?

మువ్వ
తప్పకుండా రండి. కాకినాడ నుంచి యానాం మీదుగా, ఎదుర్లంక వంతెన దాటి రావాలి. ముమ్మిడివరంలో దిగి ఫోను చేయండి, మా అబ్బాయి వస్తాడు. అమ్మ మధ్యాహ్నం నిద్రపోతుంది, పది గంటలకల్లా చేరుకోండి. భోజనం మా ఇంట్లోనే. చాప నేను వేసి ఉంచుతాను.